వాళ్లింటి తగువు... మన వీధి బతుకు

అమెరికా సంప్రదాయవాదులంతా ఒకే మాట మీద ఉంటారని మనం అనుకుంటాం. నిజానికి వలస వచ్చేవాళ్లు దేశానికి బలమా, భారమా అన్న విషయంలో నలభై ఏళ్లుగా వాళ్లలో వాళ్లకే పెద్ద తగువు నడుస్తోంది. ఇప్పుడు ఆ తగువులోకి అమీర్‌పేట పేరు కూడా వచ్చి చేరింది. ఆ వాదనలో న్యాయమెంత, అన్యాయమెంత? పంజాగుట్టలో ఫైలు పట్టుకు తిరిగే పిల్లలు దాని గురించి ఏం తెలుసుకోవాలి?

అమీర్‌పేటలో మెట్రో దిగి మైత్రీవనం వైపు నాలుగు అడుగులు వేస్తే చాలు, చేతిలో కరపత్రం పడుతుంది. జావా, టెస్టింగ్, డెవాప్స్, సేల్స్‌ఫోర్స్, కొత్తగా జెన్ ఏఐ. ఫ్లెక్సీల మీద కోర్సు పేరు కన్నా పాఠం చెప్పే సారు పేరే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కింద ‘రేపు ఉదయం 7 గంటలకు ఫ్రీ డెమో’ అని రాస్తారు. జిరాక్స్ షాపుల్లో మెటీరియల్ కట్టలు కట్టలుగా స్పైరల్ బైండింగ్ అవుతూ ఉంటుంది. క్లాసు అయిపోయాక పిల్లలు ఎస్.ఆర్.నగర్, ఎల్లారెడ్డిగూడ హాస్టళ్లకు చేరతారు. ఫ్లైఓవర్ దాటి పంజాగుట్ట వైపు వెళ్తే బోర్డులు మారతాయి. అక్కడ కనిపించేవి విదేశీ విద్య కన్సల్టెన్సీలు, బ్యాంకు లోన్ల ఏజెంట్లు. టీ కొట్ల దగ్గర మాటలు కూడా వేరే.

“వీసా స్లాట్ దొరికిందారా?”

“ఎక్కడన్నా! బల్క్‌గా వదుల్తరంట, చూస్తున్న.”

ఈ సంభాషణ ఈ వీధుల్లో ఏళ్ల తరబడి వినిపిస్తున్నదే. కొత్త సంగతేమిటంటే, ఈ వీధి గురించి అమెరికాలో మాట్లాడుకోవడం మొదలైంది. ఒకప్పుడు చెన్నైలోని అమెరికా కాన్సులేట్‌లో పనిచేసిన దౌత్య అధికారిణి ఒకరు 2025 నవంబరులో ఒక పాడ్‌కాస్ట్‌లో అమీర్‌పేట పేరెత్తారు. అక్కడి దుకాణాల్లో వీసా ఇంటర్వ్యూలకు శిక్షణ ఇచ్చి, నకిలీ అనుభవ పత్రాలు, సర్టిఫికెట్లు అమ్మేవారని ఆరోపించారు. ఆవిడ చెన్నైలో పనిచేసిన రోజుల్లో హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ లేదు. స్టాంపింగ్ కోసం మనవాళ్లంతా చెన్నై రైలెక్కాల్సిందే.

ఇంచుమించు అదే సమయంలో వర్జీనియా మాజీ కాంగ్రెస్ సభ్యుడు డేవ్ బ్రాట్, ట్రంప్ మాజీ వ్యూహకర్త స్టీవ్ బానన్ కార్యక్రమంలో ఇంకో అస్త్రం తీశారు. చట్టం ఏడాదికి 85 వేల హెచ్-1బీ ఉద్యోగ వీసాలే అంటుంటే ఒక్క చెన్నై ప్రాంతానికే 2.20 లక్షల వీసాలు ఎలా వచ్చాయని నిలదీశారు. ఈ లెక్కలో మెలిక ఉంది. 85 వేల పరిమితి కొత్తగా ఎంపికయ్యే వాళ్లకే వర్తిస్తుంది. పాత వీసా గడువు తీరి మళ్లీ స్టాంపింగ్‌కు వచ్చేవాళ్లు, విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవాళ్లు ఆ పరిమితిలోకి రారు. అయినా ఆ అంకె సోషల్ మీడియాలో చుట్టేసి వచ్చింది, వివరణ మాత్రం ఎవరికీ పట్టలేదు.

బ్రాట్ మామూలు మనిషి కాదు. అమెరికా సంప్రదాయవాద రాజకీయం ఇవాళ ఇలా ఉండటానికి కారకుల్లో ఆయనా ఒకరు. ఆ కథ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఒకే గొడుగు కింద రెండు వర్గాలు

రొనాల్డ్ రీగన్ కాలంలో సంప్రదాయవాదమంటే మార్కెట్‌కు స్వేచ్ఛ, ప్రభుత్వానికి కళ్లెం, కమ్యూనిజానికి ఎదురు నిలవడం. వలసల మీద ఆ తరం గొంతు మెత్తగానే ఉండేది. 1984 జులైలో వాల్ స్ట్రీట్ జర్నల్ సంపాదకీయం, సరిహద్దులు తెరిచే ఉంచాలని ఏకంగా రాజ్యాంగంలో రాసుకోవాలని సూచించింది. 1986లో రీగన్ సంతకం చేసిన చట్టం వల్ల పత్రాల్లేకుండా ఉంటున్న సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధత దక్కింది. పదవి దిగిపోయే ముందురోజు, 1989 జనవరి 19న, ఆయన చేసిన ప్రసంగం సారాంశం కూడా ఇదే. ఫ్రాన్స్‌లో ఎన్నేళ్లున్నా ఫ్రెంచివాడివి కాలేవు. కానీ ప్రపంచంలో ఏ మూల నుంచి వచ్చినా అమెరికన్ కాగలవు.

హెచ్-1బీ ఇప్పుడున్న రూపంలో పుట్టింది 1990లో. ఆ చట్టం మీద సంతకం పెట్టింది రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ హెచ్.డబ్ల్యూ.బుష్. ఏడాదికి 65 వేలు అని గిరి గీశారు. కంప్యూటర్లకు 2000 సంవత్సరం గండం ముంచుకొచ్చి, కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ తెలిసినవాళ్లకు గిరాకీ పెరిగినప్పుడు ఆ గిరి చాల్లేదు. 1998లో పరిమితి పెంచే బిల్లును ముందుకు నడిపించింది మిషిగన్ రిపబ్లికన్ సెనెటర్ స్పెన్సర్ అబ్రహాం. కోటా మొదట లక్షా పదిహేను వేలకు, 2001 నుంచి మూడేళ్లపాటు లక్షా తొంభై అయిదు వేలకు పెరిగింది. అమీర్‌పేట గదుల్లో రాత్రింబవళ్లు క్లాసులు నడిచిన కాలమది. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన డిగ్రీ కుర్రాడు ఆర్నెల్ల కోర్సు చేసి డాలస్‌లో దిగగలిగాడంటే, ఆ తలుపు తీసినవాళ్లలో ఒక సంప్రదాయవాద సెనెటర్ ఉన్నాడు. దానికి ఆయన మూల్యం కూడా చెల్లించారు. వలసల వ్యతిరేక బృందాలు ఆయన మీద విస్తృతంగా ప్రచారం చేశాయి. 2000 ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు.

అయితే మార్కెట్‌ను నమ్మేవాళ్లంతా హెచ్-1బీని మెచ్చుకున్నారనుకుంటే పొరపాటు. స్వేచ్ఛా విపణికి పెద్దదిక్కు అనదగ్గ నోబెల్ ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 2002లో దీన్ని యజమానులకు ప్రభుత్వమిచ్చే రాయితీగా అభివర్ణించారు. తక్కువ జీతానికి మనుషులు దొరికే ఏర్పాటు అన్నది ఆయన అభ్యంతరం.

రెండో వర్గం అప్పటికే గొంతు సవరించుకుంటోంది. 1992లో, 1996లో ప్యాట్ బుకానన్ ‘అమెరికా ఫస్ట్’ అంటూ సొంత పార్టీ పెద్దల మీదే పోటీకి దిగారు. విదేశీ సరుకు, విదేశీ కూలీ కలిసి అమెరికా శ్రామికుణ్ని దెబ్బతీస్తున్నాయన్నది ఆయన వాదన. 1996లో న్యూహాంప్‌షైర్ ప్రైమరీ గెలిచినా పార్టీ మాత్రం ఆయన దారిలోకి రాలేదు. దారి మళ్లించిన రోజు 2014 జూన్ 10. ఆ రోజు రిపబ్లికన్ల సభానేత ఎరిక్ కాంటర్‌ను, ఎవరికీ పెద్దగా తెలియని ఒక ఎకనామిక్స్ ప్రొఫెసర్ ప్రైమరీలో ఓడించారు. వలసలనే ప్రధానాంశంగా చేసుకుని గెలిచిన ఆ ప్రొఫెసరే డేవ్ బ్రాట్. మరో రెండేళ్లకు అదే అంశం డొనాల్డ్ ట్రంప్‌ను వైట్‌హౌస్‌లో కూర్చోబెట్టింది.

ఈ రెండో వర్గానిదంతా ద్వేషమేనని కొట్టిపారేస్తే సగమే అర్థం చేసుకున్నట్టు. 2015లో ఫ్లోరిడాలోని డిస్నీలో సుమారు 250 మంది టెక్నాలజీ ఉద్యోగుల్ని తీసేశారు. వాళ్లలో కొందరు, తమ స్థానంలోకి రాబోయే విదేశీ ఉద్యోగులకు స్వయంగా పని నేర్పి వెళ్లాల్సి వచ్చింది. 2016లో ట్రంప్ సభా వేదిక ఎక్కిన వాళ్లలో ఆ ఉద్యోగులు ఉన్నారు. నడివయసులో ఉద్యోగం పోగొట్టుకుని, తన కుర్చీలోకి వచ్చేవాడికి తనే పాఠం చెప్పాల్సిన మనిషి బాధ అమీర్‌పేటలో కూర్చున్నవాళ్లకూ అర్థమవుతుంది.

భీమవరం శాస్త్రవేత్త, రిపబ్లికన్ మహిళ

తెలుగువాళ్లకు ఈ తగువుతో చుట్టరికం ఇవాళ్టిది కాదు. 1923 ఫిబ్రవరిలో భగత్‌ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులకు పౌరసత్వ అర్హత లేదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి జార్జ్ సదర్లాండ్ పేరున్న కన్జర్వేటివ్. ఆయన కూడా ఇంగ్లండులో పుట్టి, చిన్నప్పుడు వలస వచ్చినవారే. అదే ఏడాది అక్టోబరులో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో అడుగుపెట్టారు. హార్వర్డ్‌లో, తరవాత లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్, ఆరియోమైసిన్, బోదకాలు మందు వంటి వాటి వెనక ఆయన చేసిన కృషి వైద్య చరిత్రలో నిలిచింది. ఇంత చేసినా రెండు దశాబ్దాలకు పైగా ఆ దేశ చట్టం దృష్టిలో ఆయన పౌరసత్వానికి పనికిరాని మనిషే.

ఆ అడ్డు 1946 జులైలో తొలగింది. భారతీయులకు పౌరసత్వ హక్కు, ఏడాదికి వందమందికి ప్రవేశం ఇచ్చిన ఆ చట్టాన్ని తెచ్చినవాళ్లు ఇద్దరు. ఒకరు డెమోక్రాట్ ఇమాన్యుయెల్ సెల్లర్. రెండోవారు కనెటికట్ రిపబ్లికన్ సభ్యురాలు క్లేర్ బూత్ లూస్. కమ్యూనిజాన్ని తీవ్రంగా వ్యతిరేకించిన ఆవిడను 1983లో రీగన్ అత్యున్నత పౌర పురస్కారంతో గౌరవించారు. సుబ్బారావు మాత్రం పౌరసత్వం తీసుకోకుండానే 1948 ఆగస్టులో కన్నుమూశారు. తలుపు మూసింది ఒక సంప్రదాయవాది, తెరిచిన ఇద్దరిలో ఒకరు మరో సంప్రదాయవాది. ఆ వరస ఇప్పటికీ సాగుతూనే ఉంది.

ట్యూషన్లు మేలా, టీవీ సీరియళ్లా?

2024 డిసెంబరులో ట్రంప్ తన కృత్రిమ మేధ సలహాదారుగా చెన్నైలో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్‌ను ప్రకటించగానే ఆయన మద్దతుదారుల మాగా శిబిరం నిలువునా చీలింది. లారా లూమర్ వంటివాళ్లు విరుచుకుపడ్డారు. ఇలాన్ మస్క్ హెచ్-1బీ పక్షాన నిలబడ్డారు. ఈ రచ్చలోకి రిపబ్లికన్ నేత వివేక్ రామస్వామి దిగి, చర్చను అమెరికా జనరంజక సంస్కృతి మీదికి మళ్లించారు. 1990ల నాటి టీవీ సీరియళ్లను, వాటిలో పాత్రలను పేరుపేరునా ఎత్తిచూపారు. చదువుకునే కుర్రాణ్ని నవ్వులపాలు చేసి, ఆటగాణ్ని, అందగాణ్ని హీరోని చేసే దేశం మంచి ఇంజినీర్లను తయారు చేసుకోలేదన్నది ఆయన వాదన. లెక్కల ట్యూషన్లు పెరగాలి, స్నేహితుల ఇళ్లలో రాత్రిళ్లు గడపడం తగ్గాలి, శనివారం పొద్దున కార్టూన్లు తగ్గాలి అన్నారు.

లెక్కల ట్యూషన్ల మీదే పెరిగిన మన ఇళ్లలో ఈ మాటలు వింటే ‘నిజమేగా’ అనిపిస్తుంది. అమెరికా సంప్రదాయవాదులకు మాత్రం అవి మింగుడు పడలేదు. వాళ్ల దృష్టిలో ఫుట్‌బాల్ మైదానం, ఊరి చర్చి, బడిలో డ్యాన్సు వేడుక, వేసవిలో పిల్లలు చేసే చిన్నాచితకా ఉద్యోగాలు కలిస్తేనే అమెరికా బాల్యం. దాన్ని లోపమనడం వాళ్లకు అవమానంగా తోచింది. వలస వచ్చిన సిక్కు దంపతుల కూతురైన నిక్కీ హేలీ కూడా అమెరికా కార్మికుల్లో, సంస్కృతిలో లోపమేమీ లేదని బదులిచ్చారు. అక్కడ సంప్రదాయమంటే ఏమిటో మనవాళ్లకు అర్థం కావడానికి ఈ ఘట్టం బాగా పనికొస్తుంది. అది పన్నుల గురించో తుపాకుల గురించో మాత్రమే కాదు, పిల్లల్ని ఎలా పెంచాలన్న దాని గురించి కూడా.

వడ్లూరు అల్లుడు, బేగంపేట పూర్వ విద్యార్థి

ఈ చర్చకు ఇవాళ కేంద్రంలో ఉన్న నాయకుడు జె.డి.వాన్స్. ఒహాయోలోని మిడిల్‌టౌన్ అనే ఉక్కు పట్టణంలో, మూలాలు కెంటకీ కొండల్లో ఉన్న కుటుంబంలో పెరిగిన మనిషి. ఆ జీవితం గురించి 2016లో ఆయన రాసిన ‘హిల్‌బిలీ ఎలిజీ’ 2020లో సినిమాగా వచ్చింది. అందులో భార్య ఉష పాత్రను ఫ్రీడా పింటో పోషించారు. ఉష చిలుకూరి వారి ఆడపడుచు. పశ్చిమ గోదావరి జిల్లా తణుకు దగ్గర వడ్లూరులో ఆ కుటుంబానికి మూలాలున్నాయి. భర్త ఉపాధ్యక్షుడైనప్పుడు ఆ ఊరు పండగ చేసుకుంది.

2024 జులైలో రిపబ్లికన్ జాతీయ సదస్సులో వాన్స్ చేసిన ప్రసంగం, రీగన్ మాటతో పక్కపక్కన పెట్టి చదవదగ్గది. అమెరికా అంటే కేవలం ఒక భావన కాదని, ఉమ్మడి చరిత్ర ఉన్న ప్రజల దేశమని ఆయన అన్నారు. కెంటకీలో తమ వంశానికి చెందిన శ్మశానవాటికను ప్రస్తావించి, తానూ ఉష కూడా ఒకనాడు అక్కడికే చేరతామన్నారు. వలస వచ్చినవాళ్లను కలుపుకోవడంలోనూ తమ షరతుల మీదే అని చేర్చారు. భావన ముఖ్యమా, నేల ముఖ్యమా? దీని మీద 2025 డిసెంబరులోనూ వాదం రేగింది. పుట్టుకను బట్టి, వంశాన్ని బట్టి అమెరికన్‌తనాన్ని కొలవకూడదని రామస్వామి వ్యాసం రాశారు.

2025 జులైలో మైక్రోసాఫ్ట్ సుమారు 9 వేల మందిని తీసేస్తున్నట్లు ప్రకటించినప్పుడు వాన్స్ ఆ కంపెనీని ప్రశ్నించారు. ఒక చేత్తో ఉద్యోగులను తొలగిస్తూ మరో చేత్తో విదేశీయుల వీసాలకు దరఖాస్తు చేయడమేమిటన్నారు. ఆ కంపెనీ సారథి సత్య నాదెళ్ల చదువుకున్న హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ బేగంపేటలో, పంజాగుట్టకు కూతవేటు దూరంలో ఉంది. తెలుగింటి అల్లుడు, తెలుగువాడు నడిపే సంస్థను నిలదీస్తుంటే, మధ్యలో ఉన్నది అమీర్‌పేట కుర్రాడి భవిష్యత్తు.

ఒలేథ్ చెప్పే పాఠం

2017 ఫిబ్రవరి 22 రాత్రి కాన్సస్ రాష్ట్రం ఒలేథ్‌లోని ఒక బార్‌లో, గార్మిన్ ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లను ఓ దుండగుడు కాల్చిచంపాడు. ‘నా దేశం నుంచి పొండి’ అని అరిచాడని సాక్షులు చెప్పారు. హైదరాబాద్ కుమిలిపోయింది. హంతకుడికి జీవితఖైదు పడింది.

ఆ తరవాత జరిగింది కూడా తెలుసుకోవాలి. అప్పటి కాన్సస్ గవర్నర్ శాం బ్రౌన్‌బ్యాక్ నికార్సయిన సంప్రదాయవాది. ఆయన మార్చి 16ను భారతీయ అమెరికన్ల గౌరవ దినంగా ప్రకటించారు. భర్త అంత్యక్రియలకు హైదరాబాద్ వచ్చిన శ్రీనివాస్ భార్యకు, భర్త మరణంతో తిరిగి వెళ్లే హక్కే ప్రశ్నార్థకమైంది. రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ చొరవతో ఆవిడ మళ్లీ వెళ్లగలిగారు. 2018 జనవరిలో అధ్యక్షుడి ప్రసంగానికి ఆవిడను ఆయన అతిథిగా తీసుకెళ్లారు. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే అన్న పరిమితిని ఎత్తేసే బిల్లును భుజాన వేసుకున్నారు. అందుకు వలసల వ్యతిరేకుల ఆగ్రహం చవిచూశారు. ఆ నవంబరులో డెమోక్రాట్ చేతిలో ఓడిపోవడంతో ఆ ప్రయత్నం మధ్యలో ఆగింది. తెలుగు కుటుంబాలు గ్రీన్‌కార్డు కోసం దశాబ్దాల తరబడి వేచి చూడటానికి ఆ 7 శాతం నిబంధనే ఇప్పటికీ ప్రధాన కారణం.

మురిసిపోయిన అంకె, ఉలిక్కిపడ్డ అంకె

2018లో తెలుగు పత్రికలన్నీ ఒక వార్తను పండగలా ప్రచురించాయి. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని, ఏ భాషా అంత వేగంగా పెరగలేదని ఆ వార్త. సంఖ్య నాలుగు లక్షలు దాటింది. ఆ లెక్క కట్టిందెవరో చాలామంది పట్టించుకోలేదు. వలసలు తగ్గించాలని వాదించే ‘సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్’ అనే సంస్థ, అమెరికా ఇళ్లలో ఇంగ్లిష్ కాని భాషలు ఎంతగా పెరుగుతున్నాయో చూపించడానికి చేసిన విశ్లేషణ అది. మనం గర్వంతో చదివిన అంకెను అక్కడ కొందరు ఆందోళనతో చదివారు.

ఆ ఆందోళనే ఇవాళ నిబంధనలుగా మారుతోంది. 2025 సెప్టెంబరు 19న ట్రంప్ కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధించారు. మన లెక్కలో దాదాపు 88 లక్షల రూపాయలు. సెలవుపై ఇంటికొచ్చినవాళ్లు ఆ రాత్రికి రాత్రే విమానం టికెట్ల కోసం పరుగులు తీశారు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు ఇది వర్తించదని మర్నాటికి గానీ తేలలేదు. డిసెంబరులో లాటరీ నిబంధన మార్చి, ఎక్కువ జీతం ఉన్నవాళ్లకు ఎక్కువ అవకాశం దక్కేలా చేశారు. సోషల్ మీడియా ఖాతాల తనిఖీ మొదలై, ఇంటర్వ్యూ తేదీలు నెలల తరబడి వెనక్కి జరిగాయి. ఇదంతా చేస్తున్న ట్రంపే నవంబరులో ఫాక్స్ న్యూస్‌లో లారా ఇంగ్రాహంతో మాట్లాడుతూ, కొన్ని నైపుణ్యాలు తమ దగ్గర లేవని, బయటి నుంచి తెచ్చుకోవాల్సిందేనని అన్నారు. సొంత అనుచరులే మండిపడ్డారు. రెండు వర్గాల తగువు ఆ ఒక్క మనిషి నోటే వినిపించింది.

అక్కడున్న మనవాళ్ల ఓటు కూడా ఒకే గూట్లో లేదు. కార్నెగీ సంస్థ సర్వేల్లో ట్రంప్ వైపు మొగ్గిన భారతీయ అమెరికన్లు 2020లో 22 శాతం ఉంటే, 2024లో 32 శాతానికి చేరారు. జనగామ జిల్లా కొన్నెలో ట్రంప్‌కు ఆరడుగుల విగ్రహం కట్టి పూజించిన అభిమాని ముచ్చట వార్తల్లో చూశాం. డాలస్ శివార్లలో పన్నులు తగ్గాలని, వీధులు భద్రంగా ఉండాలని రిపబ్లికన్లకు ఓటేసే తెలుగువాళ్ల ఆలోచన మాత్రం లెక్కలతో కూడినది.

చక్కదిద్దుకోవాల్సింది మనమే

అమీర్‌పేట మీద పడ్డ నిందకు జవాబు ఏమిటి? నూటికి తొంభై మందీ దొంగలే అన్నట్టు సాగే ప్రచారం పచ్చి అన్యాయం. పొద్దున ఏడింటి క్లాసుకు ఆరున్నరకే వచ్చి ముందు బెంచీ పట్టుకునే పిల్లలు ఈ వీధికి అసలు ముఖం. కానీ నకిలీ అనుభవ పత్రాల బేరం ఇక్కడ లేదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలమా? 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు తెలుగు విద్యార్థుల కాళ్లకు రేడియో కాలర్లు తగిలించారు. 2019 జనవరిలో బయటపడ్డ ఫార్మింగ్టన్ ఉదంతంలో, అధికారులే వల పన్నడానికి పెట్టిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయంలో చేరి చిక్కుకున్నవాళ్లలో అత్యధికులు తెలుగువాళ్లే. పిల్లల్ని చేర్పించి కమీషన్లు తీసుకున్నారన్న కేసులో అరెస్టయినవాళ్లూ తెలుగువాళ్లే. చట్టాన్ని గౌరవించడం అమెరికా సంప్రదాయవాదుల రెండు వర్గాలూ ఏకీభవించే విషయం. ఒక్క దొంగ కాగితం దొరికితే, మనకు తలుపు తెరవాలనే మొదటి వర్గం నోరు కూడా మూతపడుతుంది.

2006 మార్చిలో హైదరాబాద్ వచ్చిన జార్జ్ డబ్ల్యూ.బుష్ పర్యటనలోనే ఇక్కడి కాన్సులేట్ ప్రకటన వెలువడింది. 2008లో అది బేగంపేట పైగా ప్యాలెస్‌లో తలుపులు తెరిచింది. 2023లో నానక్‌రాంగూడకు మారింది. భవనం విశాలమైంది, ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు కూడా పదునెక్కాయి. ఇంటర్వ్యూకు బట్టీ పట్టించే కన్సల్టెన్సీలు పంజాగుట్టలో చాలానే ఉన్నాయి. ఆ దేశ చరిత్ర మీద, చట్టం మీద ఒక గంట పాఠం చెప్పేవి ఎన్ని? 1924 నాటి వలసల చట్టం ఏం చేసింది, 1965 చట్టం ఏం మార్చింది, విద్యార్థి వీసాలో ఏ పని చేయవచ్చు, ఏది చేయకూడదు అన్నవి తెలియకుండానే ఏటా వేలమంది విమానం ఎక్కుతున్నారు. 2024-25లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,63,019 మంది.

పుస్తకాలకు కొరత లేదు. ఉస్మానియా ప్రాంగణంలో 1964లో మొదలైన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ గ్రంథాలయం తరతరాల పరిశోధకులకు ఆసరాగా నిలిచింది. అమీర్‌పేటలో బ్లూ లైన్ ఎక్కితే తార్నాక దగ్గరే. కోర్సు ఫీజు తీసుకునే ప్రతి ఇన్‌స్టిట్యూట్, ప్రాసెసింగ్ ఫీజు తీసుకునే ప్రతి కన్సల్టెన్సీ బ్యాచ్‌కి ఒక్క ఆదివారమైనా ఈ చరిత్రకు కేటాయించవచ్చు. పిల్లల తల్లిదండ్రులు కూడా కన్సల్టెన్సీని మూడు సంగతులు కాగితం మీద రాసివ్వమని అడగవచ్చు: విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉందా, కమీషన్ ఎవరు ఎవరికిస్తున్నారు, దరఖాస్తులో రాసిన అనుభవానికి రుజువేమిటి.

2026 జులై 4కు అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు. ఏడాది గడువుతో తెచ్చిన లక్ష డాలర్ల ఉత్తర్వును పొడిగించాలా, వద్దా అన్నది సెప్టెంబరులో తేలాలి. నవంబరు 3న మధ్యంతర ఎన్నికలు. ఒహాయో గవర్నర్ పదవికి రామస్వామి బరిలో ఉన్నారు. భావన గెలుస్తుందా, నేల గెలుస్తుందా అన్న రిపబ్లికన్ల ప్రశ్న ఈ మూడు సందర్భాల్లోనూ ముందుకొస్తుంది. అమీర్‌పేటలో కొత్త బ్యాచ్‌కి పేరిచ్చే ప్రతి ఒక్కరూ ఈ తేదీలను క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి.